మీటరు 256 వెనక్కి పోయింది: ఈఈప్రామ్‌లో నాలుగు బైట్ల సంఖ్య, ఒక నీళ్ల ప్లాంటు కేసు

నల్లగొండ వైపు ఊళ్లలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే ఊరికో ఆర్వో ప్లాంటు, ప్లాంటు ముందు ఇరవై లీటర్ల క్యాన్ల వరస. ఈ కేసు అలాంటి ప్లాంట్లు కొన్ని నడిపే ఒక యజమానిది. ప్రతిచోటా ఒక చిన్న బోర్డు ఉంటుంది. బటన్ నొక్కితే రిలే (మోటారుకు స్విచ్ లాంటిది) పడి మోటారు తిరుగుతుంది, ఫ్లో సెన్సర్ ఇరవై లీటర్లు లెక్కపెట్టగానే ఆగుతుంది. తెర మీద ఇప్పటిదాకా నింపిన మొత్తం క్యాన్ల సంఖ్య కనబడుతుంది. రాత్రి ఆపరేటరు ఆ సంఖ్యను నోట్‌బుక్‌లో ఎక్కిస్తాడు. అందులోంచి నిన్నటిది తీసేసి అయిదుతో గుణిస్తే ఆ రోజు గల్లా.

ఫిర్యాదులు రెండు, ఒకదానికొకటి పొంతన లేనివి. ఒక ప్లాంటులో మీటరు అప్పుడప్పుడు వెనక్కి పోతోంది. ఇంకో ప్లాంటులో ఉన్నట్టుండి ముందుకు దూకుతోంది. వెనక్కి పోతే గల్లాలో డబ్బు ఎక్కువ ఉంటుంది కాబట్టి యజమానికి కోపం రాలేదు, అనుమానం మాత్రం వచ్చింది. ముందుకు దూకిన చోట ఆపరేటరు జీతంలో కోత పడింది. "నేను మీటరు ముట్టుకోలే సార్, ముట్టుకుంటే ఎక్కువ ఎందుకు చూపిస్త, తక్కువనే చూపిస్త గదా" అన్నాడతను. వాదన బలంగానే ఉంది. ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోని చిప్‌లో నడిచే ప్రోగ్రాం, రాసినతను ఉద్యోగం మారి వెళ్లిపోయాడు, కోడ్ మాత్రం యజమాని దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది.

నోట్‌బుక్కే మొదటి సాక్ష్యం

కోడ్ తెరవక ముందు నోట్‌బుక్కులు అడిగాను. మొదటి ప్లాంటు ఆపరేటరు పాతకాలపు మనిషి, మీటరు మీద నమ్మకం లేక క్యానుకో గీత గీసుకుంటాడు, అయిదోది అడ్డంగా. ఆ గీతల లెక్కకూ మీటరు లెక్కకూ తేడా వచ్చిన రోజుల్లో తేడా ప్రతిసారీ 256. ఒక్కచోట మాత్రం 512.

ఈ పనిలో ఉన్నవాళ్లకు 256 కనబడగానే దొంగతనం మాట మనసులోంచి పోతుంది. 256 అంటే ఒక బైట్‌లో, అంటే చిప్ మెమరీలోని ఒక గడిలో, పట్టే విలువల సంఖ్య. ఏ మనిషీ సరిగ్గా 256 క్యాన్లు దొంగిలించడు.

రెండో ప్లాంటులో తేడాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అయితే ఆ కుర్రాడు ఒకసారి దూకుడు కళ్లారా చూసి రాసిపెట్టుకున్నాడు: 40,100 ఉండాల్సిన చోట 40,191. పక్కనే "బోర్డు ఒకసారి ఆరి వెలిగింది" అని ఉంది. 40,191ని 256తో భాగిస్తే 156 పోయి శేషం 255 మిగులుతుంది. అంటే ఆ సంఖ్యలో కింది బైట్ 255. మీటరు లెక్క దాచే మెమరీ ఈఈప్రామ్. అందులో చెరిపేసిన బైట్ విలువ కూడా 255. రెండు ఫిర్యాదులూ ఒకే రోగానికి రెండు లక్షణాలని అక్కడే తేలింది. ఇక చూడాల్సింది అది ఎలా పుడుతోందన్నదే.

సంఖ్య ఒకటే, రాతలు నాలుగు

బోర్డులో ఉన్నది ఏట్‌మెగా 328పీ. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వాడే ఆర్డ్యునో ఊనో బోర్డులో ఉండే చిప్పే, ఇక్కడ విడిగా కొని అతికించారు. దీనిలో కరెంటు పోయినా నిలిచే ఈఈప్రామ్ 1024 బైట్లు ఉంది. ఒక చిరునామాలో ఒక బైటే పడుతుంది, అంటే 0 నుంచి 255 వరకే. 1000ని ఆర్డ్యునో ఈఈప్రామ్ లైబ్రరీలోని రైట్ ఫంక్షన్‌కు ఇస్తే 232 మాత్రమే దాచుకుంటుంది, మిగతా మూడు 256లు గాలికి పోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తట్టుకుని పడేది ఇక్కడే. దానికి జవాబు ఎవరైనా చెబుతారు: సంఖ్యను బైట్లుగా విడగొట్టు, లేదా అదే లైబ్రరీలోని పుట్ ఫంక్షన్ వాడు, అదే విడగొడుతుంది.

ఈ బోర్డు కోడ్‌లో పుట్ వాడారు. క్యాన్ల సంఖ్య 32 బిట్ల అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని నాలుగు బైట్ల పూర్ణాంకం), చిరునామా 0 నుంచి 3 వరకు. మామూలు కళ్లతో చూస్తే అందులో తప్పేమీ లేదు. అయితే పుట్ అంటే కింది చిరునామా నుంచి పైకి ఒక్కో బైట్ రాసుకుంటూ పోయే లూప్. ఈ చిప్‌కు కంపైలర్ కింది బైట్‌ను ముందు పెడుతుంది కాబట్టి ముందు రాయబడేది కింది బైటే. మారని బైట్‌ను వదిలేస్తుంది, అది మంచి గుణమే. మారిన ప్రతి బైట్‌కూ చెరపడం, రాయడం కలిపి దాదాపు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది.

ఊళ్లో క్రికెట్ మ్యాచ్‌కు స్కోరు బోర్డు దగ్గర కుర్రాణ్ణి కూర్చోబెడతారు. 199 తీసి 200 పెట్టాలి. ముందు చివరి పలక మారుస్తాడు, అప్పుడు బోర్డు మీద 190. తర్వాత నడిమి పలక, అప్పుడు 100. ఆ క్షణంలో ఎవరో కేకేసి అతను పరుగెత్తితే, తర్వాత వచ్చి చూసినవాడికి జట్టు స్కోరు వందే.

మన మీటరులో 40,191 తర్వాత 40,192 రావాలి. బైట్లుగా చూస్తే 255, 156 పోయి 0, 157 రావాలి. కింది బైట్ 0 అయ్యాక, పైది మారే లోపు బోర్డు ఆగిపోతే మిగిలేది 0, 156. అంటే 39,936. రావాల్సిన దానికన్నా సరిగ్గా 256 తక్కువ. ఇది 256 క్యాన్లకు ఒకసారి వచ్చే ప్రమాదం. రోజుకు మూడు వందల క్యాన్లు పోసే ప్లాంటులో దాదాపు రోజూ ఒకసారి. 65,535 దాటేటప్పుడైతే మూడు బైట్లు మారాలి. రెండు మారాక ఆగితే మీటరు సున్నా. 1,31,071 దాటేటప్పుడు అదే జరిగితే 65,536 మిగులుతుంది, సగం లెక్క ఎగిరిపోయినట్టు. మూడో బైట్ చెరిపేసి కొత్తది రాసే లోపు ఆగితే అందులో 255 మిగిలి, మీటరు 1,67,11,680 చూపిస్తుంది. కోటీ అరవై ఏడు లక్షల క్యాన్లు పోసిన ప్లాంటు జిల్లాలోనే ఉండదు.

ముందుకు దూకడం ఈ చివరి తరహాదే. ఏ క్యానుకైనా రావచ్చు, 256 గుణకం దాకా ఆగక్కర్లేదు. కింది బైట్ చెరిగి 255 అయింది, కొత్త విలువ పడకముందే బోర్డు ఆగింది. చాలాసార్లు 255 మిగులుతుంది, అప్పుడప్పుడు సగం చెరిగిన ఏదో ఒక విలువ కూడా మిగలొచ్చు. 40,100లో కింది బైట్ 164. అది 255 అయితే 40,191. తేడా 91 క్యాన్లు, 455 రూపాయలు.

అంత చిన్న సందులో కరెంటు ఎలా దొరికింది?

ఇక్కడే నాకు కొంతసేపు సందేహం. రోజంతటిలో రాత జరిగే కాలం కొన్ని మిల్లీసెకన్ల చొప్పున మూడు వందల సార్లు. మొత్తం కలిపినా రెండు సెకన్లు దాటదు. ఊళ్లో కరెంటు ఎంత పోయినా అది వరసగా ఆ సందులోకే వచ్చి పడటం కుదరని పని. కుదురుతోందంటే రాతకూ కరెంటు పడిపోవడానికీ ఏదో చుట్టరికం ఉందన్నమాట.

కోడ్‌లో వరస ఇలా ఉంది: బటన్ నొక్కగానే రిలే ఆన్, తర్వాత తెర మీద "నిండుతోంది" అన్న మాట, తర్వాత క్యాన్ల సంఖ్య ఒకటి పెంచి పుట్. రిలే కాయిల్‌కు కరెంటు ఇచ్చాక కాంటాక్టులు కలవడానికి పది మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఈలోపు తెర పని అయిపోయి ఈఈప్రామ్ రాత మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మోటారు స్టార్ట్ అవుతుంది. సింగిల్ ఫేజ్ మోటారు స్టార్టింగులో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఊరి చివరి లైను మీద వోల్టేజి కుంగుతుంది. ఆసిల్లోస్కోప్ పెట్టి చూస్తే బోర్డు మీది 5 వోల్టుల లైను 3 దగ్గరికి జారి మళ్లీ లేస్తోంది. ఈ పల్లం, ఈఈప్రామ్ రాత ప్రతి క్యానుకూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కరెంటు కోత కోసం ఎదురుచూడక్కర్లేదు, బోర్డే తన కరెంటును తాను కుంగదీసుకుంటోంది.

దీనికి తోడు ఫ్యూజ్ బిట్లు, అంటే చిప్ ఎలా నడవాలో చెప్పే సెట్టింగులు. ఫ్యాక్టరీ నుంచి విడిగా వచ్చిన చిప్‌లో బ్రౌన్ అవుట్ డిటెక్టర్ (వోల్టేజి తగ్గితే చిప్‌ను ఆపి ఉంచేది) ఆపేసి ఉంటుంది. ఊనో బోర్డులో అది 2.7 వోల్టులకు పెట్టి ఇస్తారు కాబట్టి ఊనో మీద పరీక్ష చేసి, విడి చిప్‌కు మారినవాళ్లకు ఈ సంగతి తట్టదు. ఇక్కడ 16 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ కోసం మిగతా ఫ్యూజ్‌లు మార్చారు, ఇది మరిచారు. నిజానికి 16 మెగాహెర్ట్‌జ్ దగ్గర 2.7 కూడా చాలదు. ఆ వేగానికి డేటాషీట్ 3.8 వోల్టుల దరిదాపు అడుగుతుంది. అంతకన్నా తగ్గితే చిప్ ఆగదు, నడుస్తుంది, కానీ ఏ ఆజ్ఞను ఎలా చదువుతుందో చెప్పలేం. ఒక్కోసారి తట్టుకుని సర్దుకుంటుంది. ఒక్కోసారి దారి తప్పుతుంది, అప్పుడు వాచ్‌డాగ్ (చిప్‌లోని కాపలా టైమరు) దాన్ని రీస్టార్ట్ చేస్తుంది. అప్పుడు ర్యామ్‌లోని సరైన సంఖ్య పోయి, ఈఈప్రామ్‌లోని సగం రాత మీటరు మీదికి వస్తుంది. కుర్రాడు చూసిన "ఆరి వెలగడం" ఇదే.

బల్ల మీద దీన్ని మళ్లీ పుట్టించడం కష్టం కాలేదు. ఇంకో ఆర్డ్యునోతో ఈ బోర్డు సరఫరాను బటన్ నొక్కిన తర్వాత కొద్ది కొద్దిగా జరుపుతూ తుంచాను. తుంచే సమయం రాత మీద పడ్డ ప్రతిచోటా 255 శేషం కనబడింది, 256 దాటేటప్పుడు వెనకడుగు కనబడింది. ఇలాంటి కేసుల్లో ఈ మెట్టు వదిలేయకూడదని నా పట్టుదల. తప్పును పిలిచినప్పుడు వచ్చేలా చేయకుండా సరిచేస్తే, అది పోయిందో దాక్కుందో తెలియదు.

పాత బోర్డుల్లో ఇంకో రెండు

తవ్వుతుంటే మరో రెండు బయటపడ్డాయి. వీటి మీద ఎక్కువ చెప్పను, కానీ ఎవరికైనా ఎదురవుతాయి.

ఒక పాత బోర్డులో పుట్ లేదు, బైట్లను చేత్తో విడగొట్టి, చదివేటప్పుడు పై బైట్‌ను ఎనిమిది బిట్లు ఎడమకు జరిపి కలిపారు. ఈ చిప్‌లో ఇంట్ (మామూలు పూర్ణాంకం) అంటే 16 బిట్లే, అదీ ప్లస్, మైనస్ గుర్తు ఉన్నది. పై బైట్ 127 దాకా అంతా సవ్యం. 128 కాగానే ఫలితం మైనస్ 32,768 అవుతుంది, దాన్ని 32 బిట్ల అన్‌సైన్డ్‌లో పోస్తే మీటరు 429,49,34,528 అంటుంది. 32,767 క్యాన్ల వరకు నిక్షేపంగా నడిచిన యంత్రం ఆ మర్నాడు పిచ్చెక్కినట్టు అనిపిస్తుంది. జరపక ముందే బైట్‌ను 32 బిట్ల రకంలోకి మార్చుకోవాలి. ఇది ఒక్క మాటతో పోయే తప్పు, దొరకడానికి మాత్రం ఏడాది పడుతుంది.

రెండోది, సర్వీసుకు వచ్చిన మెకానిక్ ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌తో (చిప్ కాళ్లకు నేరుగా తగిలించే పరికరంతో) కొత్త కోడ్ ఎక్కించగానే మీటరు 429,49,67,295 అయింది. నాలుగు బైట్లూ 255. బూట్‌లోడర్ (కోడ్ ఎక్కించుకోవడానికి చిప్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రాం) ద్వారా ఎక్కిస్తే ఈఈప్రామ్ జోలికి పోదు, కానీ ఐఎస్‌పీ ముందుగా చిప్ మొత్తం చెరుపుతుంది. ఈసేవ్ ఫ్యూజ్ పెట్టి ఉంటే ఈఈప్రామ్‌ను వదిలేస్తుంది. పెట్టలేదు.

కొత్త అమరిక

అతుకులు వేయొచ్చు. పుట్‌ను రిలే కన్నా ముందుకు జరిపి, బ్రౌన్ అవుట్ ఆన్ చేస్తే ఫిర్యాదులు చాలావరకు ఆగిపోయేవి. యజమాని కూడా అదే చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. నిజమైన కరెంటు కోత రాత మధ్యలో పడితే మళ్లీ అదే కథ. పైగా ఇంకో లెక్క ఉంది: ఈ ఈఈప్రామ్‌లో ఒక్కో బైట్‌కు లక్ష రాతల వరకే తయారీదారు హామీ. కింది బైట్ ప్రతి క్యానుకూ మారుతుంది. రోజుకు మూడు వందలంటే 333 రోజుల్లో హామీ అయిపోతుంది. హామీ దాటిన రోజే బైట్ చస్తుందని కాదు, కానీ డబ్బు లెక్కను దాని దయకు వదలలేం.

అందుకే పాత సంఖ్య మీద కొత్తది రాయడమే మానేశాం. 1024 బైట్లలో మొదటి 64 సెట్టింగులకు వదిలి, మిగతా 960ని పదహారేసి బైట్ల అరలుగా చేస్తే 60 అరలు. ఒక అరలో మొదటి బైట్ అమరిక వెర్షన్, రెండోది గుర్తులకు, తర్వాత నాలుగు బైట్లు క్యాన్ల సంఖ్య, నాలుగు లీటర్లకు, నాలుగు డబ్బుకు, చివరి రెండు సీఆర్సీ, అంటే మిగతా బైట్ల నుంచి లెక్కగట్టిన సరిచూసే సంఖ్య. ప్రతి క్యానుకూ తర్వాతి అరలో మొత్తం రికార్డు రాస్తాం, సీఆర్సీ అన్నిటికన్నా చివర. రాత మధ్యలో ఆగితే ఆ అర సీఆర్సీ సరిపోదు, ముందు అర చెక్కుచెదరకుండా ఉంటుంది. పోయేది మహా అయితే ఒక క్యాను. స్టార్ట్ అయినప్పుడు 60 అరలూ చదివి, సీఆర్సీ సరిపోయిన వాటిలో పెద్ద క్యాన్ల సంఖ్య ఉన్నదాన్ని తీసుకుంటాం.

ఏ అరలో రాయాలన్నది ఎక్కడా దాచలేదు. క్యాన్ల సంఖ్యను 60తో భాగిస్తే వచ్చే శేషమే అర నంబరు. చాలామంది అరలు తిప్పుతూ, "ప్రస్తుత అర ఇది" అని ఒక బైట్‌ను ఒకే చోట దాస్తారు. అప్పుడు ప్రతి క్యానుకూ అరిగేది ఆ బైటే, అరలు తిప్పిన ప్రయోజనమంతా దానితో పోతుంది. ఈ లెక్కన అరకు లక్ష రాతలంటే మొత్తం 60 లక్షల క్యాన్లు, రోజుకు మూడు వందల చొప్పున యాభై ఏళ్లకు పైమాట. అంతకు ముందే మోటారు, ఫిల్టర్లు, బహుశా ప్లాంటు కూడా మారిపోతాయి.

సీఆర్సీలో ఒక చిన్న ఉచ్చు ఉంది. సున్నాతో మొదలుపెట్టి, రికార్డంతా సున్నాలైతే సీఆర్సీ కూడా సున్నానే వస్తుంది, అంటే అన్నీ సున్నాలున్న అర కూడా "సరైనదే" అవుతుంది. అందుకే 65,535తో మొదలుపెట్టాం, వెర్షన్ బైట్ 0 గానీ 255 గానీ ఉండకూడదన్న నియమం పెట్టాం. ఎనిమిది బిట్ల సీఆర్సీతో ఒక బైట్ మిగిల్చుకోవచ్చు, కానీ చెత్త రికార్డు 256లో ఒకసారి తప్పించుకుంటుంది. పదహారు బిట్లైతే 65,536లో ఒకసారి. ఆ ఒక్క బైట్ దగ్గర పిసినారితనం అనవసరం.

డబ్బును పాత కోడ్ ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యల రకంలో, కూడబెట్టేది. ఫ్లోట్ కూడా నాలుగు బైట్లే, కానీ దానిలో కచ్చితత్వానికి ఉన్నది 24 బిట్లు. 1,67,77,216 చేరాక ఒకటి కలిపినా సంఖ్య కదలదు. ఈ చిప్ కంపైలర్‌లో డబుల్ అని రాసినా మామూలుగా వచ్చేది ఆ నాలుగు బైట్లే. కాబట్టి పైసల్లో, మిల్లీలీటర్లలో పూర్ణాంకాలు. మిల్లీలీటర్లను 32 బిట్లలో పెడితే 42 లక్షల 94 వేల లీటర్ల దగ్గర నిండుతుంది, రోజుకు ఆరు వేల లీటర్లంటే రెండేళ్లలోపే. అందుకని లీటర్ల గడిని పది మిల్లీలీటర్ల యూనిట్లలో పెట్టాం.

రికార్డును స్ట్రక్చర్‌గా (గడులన్నీ కలిపిన ఒకే మూటగా) చేసి పుట్‌కు ఇవ్వలేదు. బైట్లను మేమే వరసగా, కింది బైట్ ముందు అని ఖాయం చేసుకుని రాశాం. యజమాని తర్వాతి బోర్డులు ఈఎస్‌పీ32 అనే వేరే చిప్‌తో కావాలంటున్నాడు. అక్కడ ఇంట్ నాలుగు బైట్లు, ఒక బైట్ పక్కన నాలుగు బైట్ల సంఖ్య పెడితే కంపైలర్ మధ్యలో మూడు బైట్లు ఖాళీ వదులుతుంది. ఇక్కడ 5 బైట్లైన స్ట్రక్చర్ అక్కడ 8. బైట్ల వరస రెండు చిప్పుల్లో ఒకటే, చిక్కంతా ఆ ఖాళీలతోనే. పైగా అక్కడ అసలు ఈఈప్రామే లేదు, ఫ్లాష్‌లో ఒక భాగాన్ని అలా నటింపజేస్తారు, కమిట్ అని పిలవకపోతే ఏదీ నిలవదు.

కరెంటు లెక్క

పదహారు బైట్లూ మారితే రాత దాదాపు 53 మిల్లీసెకన్లు. అంతసేపు బోర్డుకు ఊపిరి ఉండాలి. బోర్డు లాగేది 60 మిల్లీయాంపులు. 5 వోల్టుల లైను మీద కెపాసిటర్ పెడితే అర వోల్టు కూడా జారనివ్వలేం కాబట్టి 6,000 మైక్రోఫారడ్లకు పైగా కావాలి. అదే 7805 రెగ్యులేటర్‌కు ముందు 12 వోల్టుల వైపు పెడితే 7 వోల్టుల దాకా జారనివ్వొచ్చు. మధ్యలో డయోడ్ తినే 0.7 పోగా 4.3 వోల్టులు చేతిలో ఉంటాయి, 740 మైక్రోఫారడ్లు చాలు. వెయ్యి పెట్టాం. ఆ డయోడ్ ఎందుకంటే, రిలే కాయిల్ కూడా 12 వోల్టుల మీదే బతుకుతుంది. డయోడ్ లేకపోతే కెపాసిటర్‌లో దాచిన కరెంటును కాయిలే తాగేస్తుంది.

బ్రౌన్ అవుట్ 4.3 వోల్టులకు పెట్టాం, ఈసేవ్ కూడా. కోడ్‌లో వరస తిప్పాం: ముందు రికార్డు, చివరి బైట్ కూడా పడేదాకా ఆగడం, ఆ తర్వాత రిలే. ఆ ఆగడం ముఖ్యం. లైబ్రరీ చివరి బైట్‌ను మొదలుపెట్టి తిరిగొచ్చేస్తుంది, అది పూర్తయ్యేదాకా నిలబడదు. రాత మొదలుపెట్టే ముందు 12 వోల్టుల లైనును కూడా ఏడీసీతో (చిప్‌లో వోల్టేజి కొలిచే భాగంతో) చూస్తాం. 9 కన్నా తక్కువుంటే మొదలే పెట్టం, బటన్ నొక్కినా "కరెంటు తక్కువ" అని తెర మీద చూపిస్తాం.

ముందే లెక్క రాస్తే, నీళ్లు పడుతుండగా కరెంటు పోయినప్పుడు క్యాను నిండకుండానే లెక్కలో పడుతుంది. దీనిపై యజమానితో కాసేపు వాదన నడిచింది. చివరకు గుర్తుల బైట్‌ను వాడాం: రికార్డు రాసేటప్పుడు ఒక బిట్ "మొదలైంది" అంటుంది, క్యాను నిండాక తర్వాతి రికార్డులో ఆ సంగతి చేరుతుంది. సగంలో ఆగిన క్యాన్ల సంఖ్య తెర మీద విడిగా కనబడుతుంది. వాటి సంగతి మనుషులు చూసుకుంటారు.

ఎఫ్-రామ్ (కరెంటు పోయినా నిలిచే మరో రకం మెమరీ) చిప్ పెడితే అరుగుదల, రాత ఆలస్యం రెండూ లేకుండా పోతాయి కదా అని ఒక మిత్రుడు అడిగాడు. పోతాయి. కానీ బైట్ల మధ్య ఆగే ప్రమాదం అక్కడా ఉంది, సందు చిన్నదవుతుంది అంతే. సీఆర్సీ, అరలు అక్కడా తప్పవు. డీఎస్3231 గడియారం మాడ్యూల్ మీద ఊరికే వచ్చే 24సీ32 ఈఈప్రామ్ చిప్ కూడా చూశాం. అందులో పేజీ 32 బైట్లు, ఒకే రాత పేజీ దాటితే మళ్లీ పేజీ మొదటికే వచ్చి అక్కడున్నదాన్ని తుడిచేస్తుంది. మా పదహారు బైట్ల అరలు పేజీలో రెండు సరిగ్గా పడతాయి కాబట్టి అటు మారాల్సి వచ్చినా ఇబ్బంది లేదు.

బోర్డులు మార్చేటప్పుడు పాత చిరునామాల్లోని నాలుగు బైట్లను చెరపలేదు. కొత్త కోడ్ మొదటిసారి లేచినప్పుడు ఒక్క సరైన అర కూడా దొరక్కపోతే, ఆ నాలుగు బైట్లను తెర మీద చూపించి ఆగుతుంది. ఆపరేటరు నోట్‌బుక్‌తో పోల్చి, అవసరమైతే సరిదిద్ది, రెండు బటన్లు కలిపి నొక్కితేనే మొదటి రికార్డు పడుతుంది. రెండో ప్లాంటులో ఆ పోలిక రోజు యజమాని కూడా వచ్చాడు. కోత పడిన రోజులన్నీ తిరగేసి, ఆ కుర్రాడి దగ్గర ఆధారం ఉన్న వాటికి అక్కడికక్కడే డబ్బు ఇచ్చేశాడు. ఆధారం లేని రోజుల సంగతి వాళ్లిద్దరి మధ్య ఇంకా తేలలేదు. ఆ రోజుల సరైన సంఖ్య ర్యామ్‌లో ఉండి పోయింది, దాన్ని ఏ ఫర్మ్‌వేరూ తిరిగి తేలేదు.